పన్నెండడుగుల ట్రైన్

ఆ రోజు ఉదయం కోడలు వేసుకున్న పథకంలో ఎక్కడా తిరకాసు లేదు. ఏడింటికి కుట్టు దుకాణం తలుపు తీయడం, ఎనిమిదింటికి పెళ్ళి గౌనుకి ఆఖరి ఇస్త్రీ, తొమ్మిదింటికల్లా దాన్ని రెండు వీధుల అవతలున్న పెళ్ళి హాలుకి చేర్చడం, పదకొండింటికి పెళ్ళి చూసి, భోంచేసి ఇంటికి రావడం. మావయ్య కూడా పెందలాడే లేచి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బల్ల పక్కన కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఏదో దాచిపెట్టిన చిన్నపిల్లాడి కళ ఉంది. పెళ్ళి భోజనం తాలూకు సంతోషం కాబోలు అనుకుంది కోడలు.

ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. బడిపంతులు కాదు, కుట్టు మాస్టారు. నలభై ఏళ్ళు దారంతో పువ్వులు పూయించి, పిట్టల్ని ఎగరేసిన చెయ్యి ఆయనది. రెండేళ్ళుగా కళ్ళకి పొరలు కమ్మి, సూది బెజ్జం ఆనక, బొత్తాలు ఏరే పనికి దిగిపోయాడు. రెండు నెలల కిందట కళ్ళాసుపత్రిలో కుడికంటికి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చేపట్టిన మొదటి పని ఈ పెళ్ళి గౌను.

"ఇది చెడిందంటే మళ్ళీ సూది ముట్టనమ్మా. నువ్వన్నట్టే ఇంటిపట్టున కూర్చుంటా" అని ఆయన కోడలికి మాటిచ్చాడు. కోడలు ఆ మాటని కొంగున ముడేసుకుంది.

పెళ్ళికూతురు ఆ ఆసుపత్రి నర్సే. ఆపరేషన్ మర్నాడు మాస్టారు కుడికంటికి కట్టుతో, ఎడమకంటికి పొరతో మంచం మీద పడి ఉంటే, వార్డు టీవీలో ఏదో దేశపు యువరాజు పెళ్ళి వస్తోంది. చూడగలిగినవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. నర్సు తన భోజనం మానుకుని, మాస్టారి పక్కన స్టూలు వేసుకుని, ఆ పెళ్ళిని మాటల్లో చూపించింది.

"గౌను పాలమీగడ రంగులో ఉంది మాస్టారూ. చేతుల నిండా సన్న లేసు. మెడ దగ్గర ఒక్క పూస కూడా లేదు, అంత హుందాగా ఉంది. కానీ వెనకాల ఆ ట్రైన్ ఉంది చూడండీ, అబ్బబ్బబ్బ!"

"వెనకాల ట్రైన్ కూడా ఉందా సిస్టరమ్మా?"

"లేకపోతే యువరాణి గౌనెలా అవుతుంది? పదిహేనడుగులట! ఆవిడ లోపలికి వచ్చేసినా ట్రైన్ ఇంకా గుమ్మం దాటుతూనే ఉంది. చివర ఇద్దరు పిల్లలు పట్టుకుని నడుస్తున్నారు. మలుపు తిరిగేటప్పుడైతే అందరూ ఊపిరి బిగపట్టేశారు."

మాస్టారు కూడా బిగపట్టాడు. గౌను వెనకాల పదిహేనడుగుల రైలుబండి! తన జన్మలో నెమలి కంటే పెద్ద బొమ్మ కుట్టలేదు. ఎంతటి పనివాడో మహానుభావుడు!

"నా పెళ్ళికి కూడా అలాంటి ట్రైన్ కావాలి మాస్టారూ. పన్నెండడుగులైనా చాలు," అంది నర్సు, ఆయన పొర కంట్లో చుక్కలు వేస్తూ.

"నేను కుట్టి ఇస్తాను తల్లీ," అన్నాడు మాస్టారు. చుక్కలు వేశారు కాబట్టి, చెంప మీదికి జారినవి కన్నీళ్ళని ఎవరూ అనుకోలేదు.

గౌన్లు కుట్టేవాళ్ళ భాషలో ట్రైన్ అంటే నడుము నుంచి వేలాడి, నేల మీద జీరాడుతూ వెనకే వచ్చే పొడవాటి గుడ్డ. కోడలికి ఆ సంగతి తెలుసు. మాస్టారి నలభై ఏళ్ళలో గౌన్లు లేవు. ఆయనకి తెలిసిన ట్రైన్ స్టేషన్లో ఎక్కేదే. కోడలు పన్నెండడుగుల శాటిన్ గుడ్డ కత్తిరించి ఇచ్చి, "ఇదిగో మావయ్యా ట్రైన్. దీని మీద పనంతా మీదే. ఎలా కావాలంటే అలా కుట్టండి," అంది.

"నడుమ నువ్వొచ్చి చూడకూడదు మరి."

"చూడను."

ఆమె మాట నిలబెట్టుకుంది. అదే కొంప ముంచింది.

ఎనిమిదింటికి కోడలు ఇస్త్రీపెట్టె వేడి చేసి, శాటిన్ మీద కప్పిన దుప్పటి లాగింది. లాగిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"మావయ్యా."

"ఊఁ."

"ఏంటిది?"

"ట్రైనమ్మా," అన్నాడు మాస్టారు, వినయంగా.

అది ట్రైనే. నడుము దగ్గర ఇంజను, దాని మీద వెండిజరీ పొగ. ఇంజను వెనక తొమ్మిది పెట్టెలు, కింద చక్రాలు, చక్రాల కింద పట్టాలు. ప్రతి కిటికీలో ఒక ముఖం, ప్రతి ముఖంలో ఒక కంటికి కట్టు.

"వీళ్ళెవరు?"

"మా వార్డు వాళ్ళు. ఇదిగో, మూడో పెట్టెలో చుక్కల సీసా పట్టుకుని నిలబడ్డది సిస్టరమ్మ. చివర గార్డు పెట్టె పట్టుకుని పరిగెత్తేది ఆ ఇద్దరు పిల్లలూ."

కోడలు నేల మీద చతికిలబడింది. అక్కడి నుంచే, ట్రైన్ అంటే ఏమిటో చెప్పింది.

"అయితే యువరాణి వెనకాల ఉన్నది..."

"ఉత్త గుడ్డ మావయ్యా."

"పదిహేనడుగులూ?"

"పదిహేనడుగులూ."

మాస్టారు లేచాడు. గూట్లోంచి తన సూదుల డబ్బా తీసి, మూత సరిగ్గా పడిందో లేదో చూసి, కోడలి ఒళ్ళో పెట్టాడు. రెండు నెలలుగా ఆ డబ్బా ఎప్పుడు తన చేతికొస్తుందా అని ఎదురుచూసిన కోడలికి, వచ్చాక దాన్ని ఏం చేయాలో తోచలేదు. ఊరికే సంచిలో పడేసుకుంది.

కుట్టు విప్పితే శాటిన్ నిండా చిల్లులే. ఇంకో శాటిన్ కొనాలంటే కొట్లు పదింటికి గానీ తెరవరు. నర్సుకి నిజం చెప్పెయ్యడం తప్ప దారి లేదని కోడలు ఫోను తీసింది.

నర్సు తల దువ్వించుకుంటోంది. ఫోను ఆమె పిన్ని ఎత్తింది. పిన్ని ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే మనిషి కాదు. పైగా పెళ్ళికొడుకూ వాళ్ళవాళ్ళూ తొమ్మిదీ నలభైకి రైల్లో దిగాలి. తెల్లారినప్పటి నుంచీ ఆమె ప్రాణమంతా ఆ రైలు మీదే ఉంది.

"నేను మాస్టారి కోడల్నండీ," అంది కోడలు.

ఏ మాస్టారని పిన్ని అడగలేదు. ఆ పూట ఆమెకి లోకంలో ఉన్న మాస్టారు ఒక్కడే, స్టేషన్ మాస్టారు. "చెప్పమ్మా, ట్రైన్ సంగతేంటి?"

"అదేనండీ, ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఘోరం జరిగిపోయింది."

"అయ్యయ్యో! ఎవరి వల్ల?"

"మా మావయ్య వల్లేనండీ. కంటి ఆపరేషనై రెండు నెలలే అయింది. ఆయన చేతిలో పెట్టడం నాదే బుద్ధితక్కువ."

"కళ్ళు కనబడని మనిషి చేతిలో ట్రైన్ పెట్టావా!"

"నలభై ఏళ్ళ అనుభవం కదా అనుకున్నానండీ."

"ఎంతవరకూ పోయింది తల్లీ?"

"తొమ్మిది పెట్టెలూనండీ. ఇంజనుతో సహా."

"లోపలున్నవాళ్ళో?"

"ఒక్కొక్కళ్ళకీ కంటికి కట్టేనండీ. చివర ఇద్దరు పిల్లలు మాత్రం ముద్దుగా ఉన్నారు. వాళ్ళని మావయ్య ఎంత బాగా కుట్టారో!"

"ఆయనే కుట్టాడా? ఎన్ని కుట్లు పడ్డాయి?"

"లెక్కెక్కడ పెడతామండీ! విప్పితే చిల్లులు పడతాయని అలాగే వదిలేశాం."

అవతల ఫోను నేల మీద పడిన చప్పుడు వినిపించింది.

"హలో? గౌను మాత్రం బాగానే ఉందండీ," అంది కోడలు, వినేవాళ్ళు లేని ఫోనులో.

జవాబు రాకపోవడం కోపమే అనుకుని, ఆ మామాకోడళ్ళు ట్రైన్ చుట్టచుట్టి, గౌనుతో సహా ఎత్తుకుని తొమ్మిదింటికి హాలుకి చేరారు. లోపల ఖాళీ కుర్చీలూ, పూలు అమర్చే మనిషీ తప్ప ఎవరూ లేరు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటండీ? ట్రైన్‌కి ప్రమాదమట! పెళ్ళివాళ్ళంతా స్టేషన్‌కి పరిగెత్తారు."

మాస్టారు చుట్టిన శాటిన్ వైపు చూశాడు. "నా ట్రైన్ గురించేనా?"

"మీ ట్రైనేంటి, పెళ్ళికొడుకు ఎక్కిన ట్రైన్! తొమ్మిది పెట్టెలు పోయాయట."

తొమ్మిది అనేసరికి కోడలికి తను ఫోనులో చెప్పిన మాటలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. "మావయ్యా, నడవండి," అని, గౌను ఒక కుర్చీలో పెట్టి, చుట్టిన ట్రైన్ చేతుల్లో ఉండగానే, ఆయన నడిచేలోపు తనే పరిగెత్తింది.

స్టేషన్ బయట పెద్ద కన్ను బొమ్మ ఉన్న ఆసుపత్రి వ్యాను అడ్డంగా నిలిచి ఉంది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు కంటి డాక్టర్లు, నాలుగు స్ట్రెచర్లు, బెంచీ మీద సొమ్మసిల్లిన పిన్ని. వీళ్ళందరి ముందు సగం దువ్విన జుట్టుతో, ఇంటి బట్టల మీదే తెల్ల కోటు తగిలించుకుని, కట్ల పెట్టె గుండెకి హత్తుకుని నర్సు నిలబడి ఉంది. ప్రమాదమేమీ లేదని స్టేషన్‌లో ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు; పెళ్ళికొడుకు ఫోను ఎత్తడం లేదు. ఆమె ఏడవడం లేదు. చేతులు ఖాళీగా లేవు కాబట్టి ఏడవడం లేదు, అంతే.

ఆ రైలు సమయానికి వచ్చిన రోజులు ఏడాది మొత్తానికీ వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు తొమ్మిదీ నలభైకి సరిగ్గా వచ్చింది. అప్పుడప్పుడూ లోకం ఇలాంటి చిన్న చిన్న దయలు చూపిస్తుంటుంది.

పెళ్ళికొడుకు హ్యాంగరుకి వేసిన కోటు ఎత్తి పట్టుకుని దిగాడు. దిగీ దిగగానే నర్సు అతని గడ్డం పట్టుకుని, కళ్ళలోకి టార్చి వేసింది.

"ఇవెన్ని వేళ్ళు?"

"రెండు. ఏమైంది నీకు? ఈ స్ట్రెచర్లేంటి?" అన్నాడతను. అతని ముఖం ఆమె ముఖం కంటే ఎక్కువ తెల్లబోయింది.

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"ఛార్జింగ్ అయిపోయింది!"

అప్పుడు ఆమె ఏడ్చింది.

అతని వెనకే తండ్రి దిగాడు. ముప్పై ఆరేళ్ళు రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. సంగతి విని ఆయన మీసాలు అదిరాయి. "నేనున్న బండికి ప్రమాదమా? ఎవరన్నారా మాట?"

"స్టేషన్ మాస్టారి కోడలే ఫోను చేసి చెప్పింది!" అంది పిన్ని, సొమ్మసిల్లడం ఆపి.

జెండా పట్టుకుని నిలబడ్డ కుర్ర స్టేషన్ మాస్టారు అదిరిపడ్డాడు. "కోడలా? నాకింకా పెళ్ళే కాలేదండీ!"

"నేనండీ, మాస్టారి కోడల్ని," అంది వెనకనుంచి ఒక గొంతు, రొప్పుతూ.

అందరూ తిరిగి చూశారు. కోడలు రెండు చేతులూ జోడించబోయింది. చేతుల్లో ఉన్నది జారి, దొర్లుకుంటూ విచ్చుకుని, పన్నెండడుగుల పొడవునా ప్లాట్‌ఫారం మీద పరుచుకుంది. రైలు దిగని ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, కట్లు కట్టుకున్న ఆ తలల్ని చూశారు.

మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు. "తప్పంతా నాదే సిస్టరమ్మా. ట్రైనంటే ట్రైనే అనుకున్నాను."

నర్సు కట్ల పెట్టె కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కో కిటికీ మీదా వేలు ఆనిస్తూ వెళ్ళి, మూడో పెట్టె దగ్గర చుక్కల సీసాని గుర్తుపట్టి ఆగింది.

"ప్రమాదం జరిగింది ఈ ట్రైన్‌కేనా మాస్టారూ?"

"దీనికే తల్లీ."

"ఇంకే ట్రైన్‌కీ కాదుగా?"

"కాదు."

"అయితే దీన్ని వేసుకునే నా పెళ్ళి," అంది నర్సు, కళ్ళు తుడుచుకుంటూ. "అందరూ క్షేమంగా ఉన్న బండి."

పెళ్ళికొడుకు తండ్రి మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజను దగ్గర మొదలుపెట్టి, పెట్టె పెట్టెనీ చూసుకుంటూ గార్డు పెట్టె దాకా నడిచాడు. అక్కడ ఆగి తల అడ్డంగా ఊపాడు.

"కుదరదు. ఈ బండిని నేను కదలనివ్వను."

"ఎందుకండీ?" అన్నాడు మాస్టారు, నీరసంగా.

"చివర ఎర్రదీపం ఏదయ్యా? ఎర్రదీపం లేకుండా బండి ఎలా కదులుతుంది?"

మాస్టారు కోడలి వైపు చూశాడు. కోడలు సంచిలో తడిమి, పొద్దున తన ఒళ్ళోకి వచ్చిన సూదుల డబ్బా తీసి, మూత తెరిచి ఆయన చేతిలో పెట్టింది. ఎర్రదారం తనే ఎక్కించబోయి, ఆగి, సూదీ దారం రెండూ ఆయనకే ఇచ్చింది. మాస్టారు మొదటిసారికే ఎక్కించాడు.

పెళ్ళి ఇరవై నిమిషాలు ఆలస్యంగా జరిగింది. భోజనాలయ్యాక నర్సు తన ఫోనులో యువరాణి పెళ్ళి వీడియో తీసి మాస్టారికి చూపించింది. పాలమీగడ గౌను, సన్న లేసు, మలుపు తిరుగుతున్న పదిహేనడుగుల తెల్లటి శాటిన్. మాస్టారు దాన్ని కొత్త కంటితో మొదటి నుంచి చివరిదాకా చూసి, నిట్టూర్చాడు.

"పాపం, కుట్టేవాడికి టైము చాలినట్టు లేదు."