నేహ విమానం, సుశీలాబాయి కొబ్బరికాయ

శుక్రవారం నాగావ్‌లో కరెంటు ఉండదు. మరమగ్గాలు ఆగిపోతాయి. ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడులోనే తిని ఆ చప్పుడులోనే నిద్రపోయిన కొమురయ్యకు ఆ రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. అప్పటికే మూడుసార్లు చాయ్ తాగాడు. రెండుసార్లు కార్ఖానా తాళం తీసి, మళ్ళీ వేశాడు.

ఇంట్లో ఆ రోజు ఇంకో ఆరాటం కూడా ఉంది. కూతురు నేహ, ఆమె క్లాస్‌మేట్ దీపాలి కలిసి ఆరు నెలలు కూర్చుని రిమోట్‌తో ఎగిరే విమానం కట్టారు. రెక్కలు చాపితే మంచమంత. పది గంటలకు మాన్కోలి గోదాముల వెనక మైదానంలో దాన్ని మొదటిసారి ఎగరేయాలి. ఎగిరితే కాలేజీ తరఫున పూనా పోటీకి వీళ్ళే పోతారు. ఎగరకపోతే ఇంకో జట్టు పోతుంది.

"బాపూ, గైబీ నగర్‌ల చార్జింగుకు పెట్టిన బ్యాటరీలు తెస్త. గప్పటిదాక దీన్ని ముట్టకు."

"నేనెందుకు ముడుత బిడ్డా?"

ఆమె గల్లీ మలుపు తిరగకముందే ముట్టాడు. ఎత్తితే బరువుగా ఉంది. కడుపు కింద టేపు వేసిన మూత ఉంది. తీస్తే లోపల ప్లాస్టిక్ సంచిలో ఇసుక!

"సుశీలా! జెర ఇటు రాయే! ఎగిరేదాంట్ల ఇసుకేందే?"

భార్య సుశీలాబాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవలో కిట్టనోళ్ళు పెట్టిన్రయ్యా."

కిట్టనివాళ్ళంటే కొమురయ్యకు ఒక్కడే గుర్తొస్తాడు, గోడ అవతలి మగ్గాల సోమయ్య. దీపాలి ఆ సోమయ్య కూతురే.

"పోయినేడు నా పనోణ్ణి గుంజుకపోయిండు. ఇప్పుడు బిడ్డతోని ఇసుక పెట్టిచ్చిండు!"

"తన జట్టుకు తనే ఎట్ల పెట్టుకుంటదయ్యా?"

"సోమయ్య బిడ్డ కదనే. పెట్టుకుంటది."

ఇసుక తులసి కుండీలో పడింది. కానీ విమానాన్ని కింద పెట్టగానే ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంది. కొమురయ్య ఇసుకకు బదులు బరువు కోసం వెతికాడు. లోపల పానా పెట్టి చూశాడు. చాలలేదు. మగ్గానికి వేలాడే ఇనుప దిమ్మ పెట్టాడు. విమానం కిర్రుమంది. గభాలున తీసేశాడు. అప్పుడు పూజపళ్ళెంలో కొబ్బరికాయ కనిపించింది. కొత్త మగ్గమైనా కొత్త బండైనా కాయ కొట్టనిదే కదలకూడదని సుశీలాబాయి తెచ్చి పెట్టింది.

కాయను కడుపులో పెట్టి, రెక్కల కింద రెండు వేళ్ళు ఆనించి ఎత్తాడు. ఎటూ వాలకుండా నిలిచింది. కాయ దొర్లకుండా నూలుతో సాలె ముడి వేసి, మూతకు మళ్ళీ టేపు వేశాడు.

"నా కొబ్బరికాయేదయ్యా?"

"విమానంల ఉన్నది. ముహూర్తం అయితది తియ్."

"కొట్టకుంటె ఎట్లయితది?"

నేహ వచ్చేసరికి విమానం ముక్కుకు నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడుతోంది.

"అమ్మా, ఇది టెంపో అనుకున్నవా?" అని విప్పి తల్లి చేతిలో పెట్టింది. సుశీలాబాయి దాన్ని కొంగున ముడి వేసుకుని రిక్షా ఎక్కింది. కొమురయ్య కూతురికి ఇసుక సంగతి చెప్పలేదు. చెబితే పరీక్ష ముందు పిల్ల మనసు పాడవుతుందనుకున్నాడు. దారి పొడుగునా, తమతో రిక్షా ఎక్కిన దీపాలిని మాత్రం గుర్రుగా చూశాడు.

మైదానంలో కాలేజీ నుంచి వచ్చిన భూషణ్ సార్ తరాజు పట్టుకుని నిలబడ్డాడు. "అర కిలో లోడ్ ఎత్తాలె. ఇంటి నుంచి తెచ్చిందే తూకం. గ్రౌండుల ఏరిన రాళ్ళు చెల్లయ్."

కొమురయ్య చెవికి అదేమీ ఎక్కలేదు. దీపాలి మీదికి వెళ్ళాడు. "ఏం పోరీ, ఇసుక పెడితే దొరకదనుకున్నవా? ఎప్పుడో తీసి పారేసిన!"

"కాకా, అది లోడ్!" అంది దీపాలి.

"తీసినవా? మేమే తూచి పెట్టినం బాపూ. ఆరు నెలలు..." నేహ అక్కడే మట్టిలో కూలబడింది.

పొద్దుటి నుంచి మొదటిసారి కొమురయ్య చేతులు కదలకుండా ఉన్నాయి.

సార్ మూత తీశాడు. "ఇదేంది?"

"కొబ్బరికాయ సార్," అన్నాడు కొమురయ్య.

"కనిపిస్తున్నది లే. ఇసుకే ఉండాలని రూల్ల లేదు." తరాజులో పెట్టాడు. నాలుగు వందల యాభై గ్రాములు. "యాభై తక్కువైంది."

నేహ చూపు తల్లి కొంగు మీద పడింది. "అమ్మా, నిమ్మకాయ!"

సుశీలాబాయి తొందరపడలేదు. "టెంపో అన్నవు కదనే?"

"తప్పయింది, తియ్యే!"

నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కలిపితే ఐదు వందల పది. కొమురయ్య కాయను మళ్ళీ కట్టాడు. దండను పంకాకు తగలకుండా కడుపు కింద వేలాడదీశాడు. విమానం పరుగెత్తింది, ఎగిరిపడింది, లేచింది. మూటలు మోసే హమాలీలు మూటలతోనే నిలబడిపోయారు. రెండు చుట్లు తిరిగి, దిగేటప్పుడు గోదాము పక్క సిమెంటు గచ్చు మీద దబ్బున పడింది. ఒక చక్రం ఊడింది. కొబ్బరికాయ రెండు చెక్కలైంది. ముడి మాత్రం ఊడలేదు.

"పాస్," అన్నాడు సార్.

సుశీలాబాయి మొదటి ముక్క దీపాలికిచ్చింది. కొమురయ్య అటు చూడకుండానే, "మీ బాపుకు గూడ ఒకటి తీస్కపో" అన్నాడు.

రిక్షాలో నేహ అంది, "పూనల లోడ్ రెండు కిలోలట బాపూ."

ఇంటికి రాగానే కొమురయ్య, కార్ఖానా గుమ్మానికి వేలాడుతున్న బూడిద గుమ్మడికాయను అరచేత్తో ఒకసారి ఎత్తి చూశాడు.