ఓబులయ్య మేకల బడి

ఓబులయ్యకు బస్సు బోర్డు చదవడం రాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఓబులయ్య ఒక్కడే ఒప్పుకోడు. పోయిన వేసవిలో పుల్లలచెరువు పోతానని బయలుదేరి కురిచేడులో దిగాడు. ఇంటికొచ్చి, "పుల్లలచెరువు బాగా మారిపోయినాది, రైలు కూడా వచ్చింది" అని భార్యకు చెప్పాడు.

అట్లాంటి మనిషి కూతురికి చదువు చెప్తానని పందెం వేశాడు.

కూతురు ఉమ ఒకటో తరగతి. బడికి పోతుంది, వస్తుంది. అక్షరాలు మాత్రం బడిలోనే ఉండిపోతున్నాయి.

"పిల్లను గిద్దలూరు పంపిస్తా. మా తమ్ముడు సుమన్ ఇంట్లో ఉండి అక్కడి బడిలో చదువుకుంటాది," అంది ప్రసన్న, అన్నం వడ్డిస్తూ.

ఓబులయ్య కంచం పక్కకు నెట్టాడు. భుజం మీద ఉమ లేనిదే అతను మేకలను దొడ్డి దాటించలేడు. మేకలు కూడా ఉమ కేకకే కదులుతాయి. అతను అరిస్తే తలెత్తి చూసి మళ్లీ మేస్తాయి.

"నా పిల్ల యాడికీ పోదు. చదువు నేను చెప్తా."

"నువ్వా?"

"నేనేం బడికి పోలేదా?"

"పోయినావు. గోడ దూకి వచ్చినావు."

"దసరాకు సుమన్ వస్తాడు గదా. వాడు ఏ అక్షరం రాసినా ఉమ చదువుతాది. చదవకపోతే తీస్కపోనీ. ఓబులయ్య మాట తప్పడు."

"అవును, నువ్వు తప్పేది బస్సులే," అంది ప్రసన్న.

పక్క మందల్లో కలిసిపోకుండా మేకల వీపుల మీద జాజుతో గుర్తు వేయడం వాళ్లకు అలవాటే. ఆ ఎర్రమన్నుతో గీతో చుక్కో వేసేచోట అక్షరం వేస్తే పోలేదా అని ఓబులయ్యకు తోచింది. పిల్ల పొద్దస్తమానం చూసేది పుస్తకాన్ని కాదు, మేకల్నే.

ఇక రోజూ సాయంత్రం భార్య చేతికి బొగ్గుముక్క ఇచ్చి గోడ మీద అక్షరం రాయమనేవాడు.

"ఇదేంది?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదో చూస్తున్నా."

ప్రసన్న చెప్పేది. అతను దాన్ని నేల మీద దిద్ది దిద్ది, పొద్దున్నే మేక మీదికి ఎక్కించేవాడు. మేకపోతులకు అచ్చులు, ఆడమేకలకు హల్లులు. కుంటి మేకకు 'మ'. బూడిదరంగు మేకకు 'ల'. మందకంతటికీ పెద్ద, గడ్డం పెంచిన పోతు పేరు దొర. దానికి 'అ'. పెద్దగా పనిలేని అక్షరాలను ఇంకా పుట్టని మేకపిల్లలకు అట్టిపెట్టాడు.

ఉమ చూస్తుండగానే నేర్చేసింది. మేక ఎదురైతే చాలు, అక్షరం చెప్పేది. ఓబులయ్య టీ కొట్టు కాడ మీసం తిప్పాడు. "మార్కాపురం పలకలు దేశమంతా పోయినాయి. ఏం లాభం? పలక నడుస్తాదా?"

సుమన్ వచ్చే రోజు పొద్దున వాన కురిసి జాజంతా కొట్టుకుపోయింది. ఓబులయ్య పరుగున దొడ్డి కాడికి పోయేసరికి ఉమ అక్కడే ఉంది. ఖాళీ వీపులు చూస్తూ "మ, ల, అ, క" అని తప్పు లేకుండా చదువుతోంది.

"తల్లీ, అక్షరాలు యాడున్నాయి?"

"మ కుంటుతాది గదా నాయనా. ల బూడిదగా ఉంటాది."

"పలక మీద రాసి చూపితే?"

"పలక కుంటదు గదా."

అంతలో రోడ్డు మీద సుమన్ బండి చప్పుడు వినిపించింది.

తెగించినవాడికి తెడ్డే లింగం. ఓబులయ్య బామ్మర్దికి పంచలో మంచం వేసి, "ఎండ మొహాన కొడతాది, ఇటు తిరుగు" అని దొడ్డికి వీపు పెట్టించి కూర్చోబెట్టాడు. ఉమను ఎదురుగా, దొడ్డి కనబడేటట్టు కూర్చోబెట్టాడు.

సుమన్ పలక మీద 'ల' రాశాడు. ఓబులయ్య అతని భుజం మీదుగా తొంగిచూసి, దొడ్డిలోకి దూకి, బూడిద మేకను ఎత్తి పట్టుకున్నాడు. ఉమ మామ తల మీదుగా చూసి, "ల" అంది.

"బాగానే చెప్తాంది అక్కా," అన్నాడు సుమన్.

'మ' రాశాడు. ఓబులయ్య మళ్లీ వచ్చి చూసి, పోయి కుంటి మేకను ఎత్తాడు. "మ."

"ఏంది బావా ఆయాసం?"

"పిల్ల చదువు గదా. తండ్రికి ఆమాత్రం ఉండదా?"

సుమన్ 'అ' రాశాడు.

ఓబులయ్య దొరను ఎత్తబోయాడు. దొర ఎవరి చేతుల్లోకీ ఎక్కి ఎరగదు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, ఓబులయ్య నడుం చూసి కుమ్మింది. ఓబులయ్య తడిక మీద పడ్డాడు. తడిక నేల మీద పడింది. మంద మొత్తం పంచలోకి వచ్చింది. సుమన్ తెచ్చిన మిఠాయి పొట్లం ఒక హల్లు నమిలింది, సుమన్ చొక్కా ఒక అచ్చు పట్టుకుంది. సుమన్ మంచమెక్కి నిలబడ్డాడు.

ఉమకు పట్టరాని సంతోషం. చప్పట్లు కొడుతూ వచ్చిన మేకను వచ్చినట్టు చదివేసింది.

ప్రసన్న వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తిట్టలేదు. అదే ఓబులయ్యను భయపెట్టింది.

"సుమనా, నువ్వు రాసిన అక్షరాలు చదివింది ఎవరు?"

"ఇంకెవరు, నా భుజం మీదుగా తొంగిచూసిన బావే."

"ఒక్కటన్నా తప్పినాడా?"

"ఒక్కటీ తప్పలే అక్కా."

"చాలు. పరీక్ష అయిపోయింది."

ఓబులయ్య నడుం పట్టుకుని లేచాడు. "అయితే ఉమను తీస్కపోతాడా?"

"నా పిల్లను వదిలి నేను మాత్రం ఉంటానా?"

"మరి గిద్దలూరు అంటివి?"

"అన్నా. పెండ్లయినప్పటి నుంచి పలక పట్టమంటే పట్టినావా? పిల్లకు బడిలో టీచరు ఉంది. నీకెవరున్నారు?"

సుమన్ మంచం మీద నుంచే నవ్వాడు. మేకలు కూడా నవ్వినట్టే అనిపించింది ఓబులయ్యకు.

"ఇంక రోజూ సాయంత్రం ఇద్దరూ కూచోండి. పలకతోనే. మేకలు వద్దు," అంది ప్రసన్న.

ఆ సాయంత్రమే ఉమ పలక తెచ్చి తండ్రి ముందు కూర్చుంది. నాలుక బయటపెట్టి, కష్టపడి, వంకరగా 'అ' రాసి అతని మొహం ముందు పెట్టింది.

"ఇదేంది నాయనా?"

ఓబులయ్య నడుం పట్టుకుని వెనక్కి జరిగాడు.