బానలో చేపలు, బండమీద ఉడుము

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవండీ. రాజుగారు ఉండేవారు, మంత్రులు ఉండేవారు, సభ ఉండేది, సభలో ఆవులింతలు కూడా ఉండేవి. లేనిదల్లా కంటినిండా నిద్ర. కారణం దోమలు.

అడవి నడుమ ఒక మడుగు ఉంది. కదలని నీళ్లు, పైన పచ్చగా నాచు, చుట్టూ తుంగ. దోమలకు అంతకన్నా మంచి పురిటిల్లు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! సింహం రాజుగారి చెవులు కుట్టి కుట్టి బూరెల్లా వాచిపోయాయి.

"గర్జిద్దామని నోరు తెరిస్తే గుప్పెడు దోమలు లోపలికి పోతున్నాయి. ఇదేం రాజ్యమయ్యా!" అని ఆయన సభలో మొత్తుకున్నారు.

దోమపిల్లల్ని తినే చిన్నచేపలు కొండమీద సెలయేట్లో బోలెడున్నాయి. తెచ్చి మడుగులో వేస్తే సరిపోతుంది. నిరుడు తెచ్చారు కూడా. అప్పుడు మంత్రిగా ఉన్న ఏనుగు మామిడాకుల తోరణాలు కట్టించి, డప్పులు కొట్టించి, సెలయేటి చన్నీళ్లలో పుట్టిన చేపల్ని నడివేసవి మిట్టమధ్యాహ్నం సలసలమనే మడుగులోకి తొండంలోంచి ధబాలున కుమ్మరించింది. ఆపైన ఉపన్యాసం అందుకుంది. "ఇక ఈ మడుగే వీటి పుట్టిల్లు" అనేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. సభవాళ్లు అది ప్రణామం కాబోలనుకుని చప్పట్లు కొట్టారు.

దాంతో ఏనుగు మంత్రిపదవి ఊడింది. అప్పట్నుంచీ ఎవరు ఏ పని చెప్పినా "చిత్తం" అనడం నేర్చుకుంది.

ఈ ఏడు మళ్లీ చేపల్ని దింపారు. ఈసారి తొండంలో కాదు, మనుషులెవరో అడవి అంచున వదిలేసిన పెద్ద మట్టి బానలో. చేపల పెద్ద పేరు తళుకమ్మ. నిండు కడుపుతో ఉంది. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. పెడితే నాచువేళ్ల మధ్య మెత్తగా పెట్టాలి గానీ, బానలో పెడితే ఒక్క గుడ్డు కూడా దక్కదు. చుట్టూ ఉన్న ఆకలి చేపలే తినేస్తాయి. కన్నతల్లికి ఇంతకంటే బెంగ ఏముంటుంది?

అందుకే అది రాజుగారు కనబడగానే మొహమాటం లేకుండా చెప్పేసింది.

"అయ్యా, నిరుటి మావాళ్ల సంగతి విన్నాం. మా ఒళ్లు వేడినీ చల్లదనాన్నీ ఒక్కసారిగా ఓర్చుకోలేదు. ఈ బానను మీ మడుగు ఒడ్డున మెడదాకా నీళ్లలో దించి ఉంచండి. లోపలి నీళ్లు మెల్లిగా వేడెక్కుతాయి. తర్వాత కాసినీ కాసినీ మీ మడుగు నీళ్లు పోస్తూ ఉండండి. నీటి రుచి కూడా ఒంటికి పడుతుంది. పొద్దుగూకేసరికి మేమే గెంతుతాం. అంతకన్నా ఏం అక్కర్లేదు."

సభలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఒక్క పూటలో అయిపోయే పని ప్రభుత్వం పని ఎలా అవుతుంది?

అప్పుడు ముందుకొచ్చింది ఉడుము. నీళ్లలోనూ ఉంటుంది, నేలమీదా ఉంటుంది, ఎటు లాభమో అటు ఉంటుంది. పట్టుకున్నదాన్ని వదలదని దాని జాతికి పేరు ఎలాగూ ఉంది.

"మహారాజా, ఇది చేపల ప్రాణాలతో చెలగాటం. ఇందుకు ఒక అలవాటు సంఘం వెయ్యాలి. అధ్యక్షత వహించడానికి నాకేం అభ్యంతరం లేదు" అంది.

"నిన్నెవరడిగారు?" అంది గుంపులోంచి ఒక కుందేలు.

"అడక్కముందే ఒప్పుకున్నాను చూడు, అదీ సేవ అంటే" అంది ఉడుము.

సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఉడుము. కార్యదర్శి చిలుక. మడుగువాసుల తరఫున కప్పల పెద్ద. నీళ్లు మోయడానికి ఏనుగు. అధ్యక్షుడికి సంఘం నడిచినన్నాళ్లూ రోజుకో బాతుగుడ్డు, మడుగు ఒడ్డున ఒక చదును బండ. ఆ బండమీద పొద్దున్నే ఎండ, మధ్యాహ్నం నీడ. ఉడుము జన్మకు అంతకంటే ఏం కావాలి!

మొదటిరోజు తళుకమ్మ చెప్పినట్టే చేశారు. బాన దించారు, నీళ్లు వేడెక్కాయి, ఏనుగు తొండంతో కాసినీ కాసినీ మడుగు నీళ్లు పోసింది. సాయంత్రానికి తళుకమ్మ బాన అంచుదాకా తేలి, "బాబూ, ఇక మేం వెళ్లొస్తాం. మా ఒంటికి సరిపడింది" అంది.

ఉడుము ఒకసారి మడుగు వైపు చూసింది. ఒకసారి బండ వైపు చూసింది. చేపలు దూకాయో, సంఘం ముగిసింది. సంఘం ముగిసిందో, గుడ్డూ లేదు బండా లేదు.

"నీకు సరిపడిందని నువ్వే చెప్పుకుంటే ఎలాగమ్మా? ఏ రోగి అయినా నాకు బాగానే ఉందంటాడు. మాకు అనుమానం తీరాలి. ఏనుగూ, ఆ నీళ్లు పారబోసి సెలయేటి నీళ్లు తెచ్చి నింపు. రేపు మళ్లీ మొదట్నించీ చూద్దాం" అంది.

"మొదట్నించీ! మొదట్నించీ!" అంది చిలుక.

"చిత్తం" అంది ఏనుగు.

అలా మొదలైందండీ సంబరం! పగలంతా నీళ్లు వేడెక్కడం, సాయంత్రం మళ్లీ చన్నీళ్లు పడడం. ఉడుము బానమీద తామరాకు కప్పించి, పైన రాయి పెట్టించింది, ఎవరూ తొందరపడి గెంతకుండా. తళుకమ్మ ఆకు కిందనుంచే అరిచేది.

"అయ్యా, ఇలా వేడిలోంచి చలిలోకీ, చలిలోంచి వేడిలోకీ రోజూ తిప్పితే అలవాటు కాదు, ఆయువు తీరుతుంది!"

"చూశావా, ఇంకా ఫిర్యాదులు చేస్తోంది. అలవాటు పడలేదనడానికి వేరే గుర్తు కావాలా?" అనేది ఉడుము.

దానికి కప్పల పెద్ద వంత పాడింది. "వేడీ చలీ సంగతి తర్వాత. మా మడుగులో కాపురం చెయ్యాలంటే ముందు బెకబెకమనడం రావాలి. ఆ మాత్రం భాష రానివాళ్లు మా పక్కన ఎలా ఉంటారు?"

ఉడుముకు ఇది వరంలా తోచింది. వెంటనే పరీక్ష పెట్టింది. పాపం చేపలు వరసగా నోళ్లు తెరిచాయి, మూశాయి, తెరిచాయి. బుడగలు తప్ప ఏం రాలేదు.

"అందరూ తప్పారు" అంది కప్ప తృప్తిగా.

"తప్పారు! తప్పారు!" అంది చిలుక.

ఇక రాజుగారు ఎప్పుడడిగినా ఒకటే మాట.

"ఎంతవరకొచ్చింది ఉడుమూ?"

"సగం అలవాటు పడ్డాయి మహారాజా."

"మొన్న కూడా సగమే అన్నావు."

"మొన్నటిది మొదటి సగం. ఇది మిగిలిన సగంలో సగం. ఇంక మిగిలింది అందులో సగమే."

రాజుగారికి లెక్కలు రావు. రావని తెలిస్తే పరువు పోతుంది. "బాగుంది, బాగుంది" అని ముక్కుమీద దోమను కొట్టుకుంటూ వెళ్లిపోయేవారు.

ఒకనాటి సాయంత్రం చన్నీళ్లు పడగానే ఒక చిన్నచేప పక్కకు ఒరిగి, మెల్లిగా పైకి తేలింది. తళుకమ్మ దాన్ని మూతితో తట్టింది, మళ్లీ తట్టింది. అది కదల్లేదు. ఉడుము దాన్ని గోటితో తీసి గట్టుమీద పెట్టి, "ఈ సభ్యురాలు సంఘానికి సహకరించడం మానేసింది" అని చిలుకతో చెప్పించింది.

తళుకమ్మ ఆ తర్వాత ఎవరితోనూ వాదించలేదు. కడుపు బిగదీసుకుని బాన అడుగున ఉండిపోయింది. గుడ్లు ఇవాళో రేపో అన్నట్టున్నాయి.

ఆ మర్నాడే, దోమ కాటుకి రాజుగారి కనురెప్ప వాచి కన్ను మూతపడింది. రెండో కన్నుతో ఎర్రగా చూస్తూ పొద్దెక్కేసరికి ఆయనే మడుగు దగ్గరికి వచ్చేశారు.

ఉడుముకు ముందే కబురందింది. బానలోకి అప్పుడే చన్నీళ్లు కొట్టించి సిద్ధంగా ఉంది.

"చూడండి మహారాజా" అని ఆకు తీసి చూపించింది. "ఇవి ఇంకా సెలయేటి చేపలే. ఇప్పుడు మడుగులో పడితే నిరుటి గతే."

తళుకమ్మ పైకి వచ్చింది. మూత తీసి ఉంది. ఒక్క గెంతు గెంతితే మడుగు. కానీ ఉడుము అన్న మాట ఈ ఒక్కసారికి నిజం. ఒళ్లంతా చన్నీళ్లు, పక్కన సలసలమనే నీళ్లు. గెంతితే చావు. ఆగితే మళ్లీ మూత పడుతుంది, గుడ్లు బానపాలవుతాయి. పాపం, అంచు దగ్గరే రెక్కలాడిస్తూ నిలబడిపోయింది.

రాజుగారు ఏదో తీర్పు చెబుదామని బాన పక్కనున్న బండమీద కూర్చున్నారు. అబ్బ, ఏం బండ! వెచ్చగా, నున్నగా, తుంగలోంచి గాలి. ఎన్నాళ్లనుంచో నిద్రలేని ఒళ్లు. "ఈ విషయమై మేము తీవ్రంగా ఆలోచించి..." అంటూనే ఒరిగిపోయారు. గుర్రు మొదలైంది.

అంతే, మడుగు ఒడ్డంతా కొయ్యబారిపోయింది. నిద్రపోతున్న రాజును లేపే మొనగాడు ఏ రాజ్యంలో ఉన్నాడు? ఉడుము ఆకు మళ్లీ కప్పుదామని అడుగేసింది. రాజుగారి పంజా బాన అంచుమీదే వాలి ఉంది. ఉడుము వెనక్కి తగ్గింది. ఏనుగు తొండంనిండా సెలయేటి నీళ్లతో వచ్చింది. పోస్తే చప్పుడవుతుంది. పొయ్యలేక, పారబొయ్యలేక, తొండం పైకెత్తుకుని కళ్లు తేలేసి నిలబడింది. చివరికి తట్టుకోలేక ఆ నీళ్లు తానే మింగేసింది.

రాజుగారికి నిద్రపట్టింది గానీ దోమలకు పట్టలేదు. అవి కుడుతూనే ఉన్నాయి. ఆయన నిద్రలోనే తోకతో టపటపా కొట్టుకుంటున్నారు. తోక కుచ్చు మడుగులో మునుగుతోంది, ఎగురుతోంది. ఎగిరినప్పుడల్లా చారెడు మడుగు నీళ్లు బానలో పడుతున్నాయి. ఒక దోమ కుడితే ఒక చారెడు. ఎండకు బాన వెచ్చబడుతోంది. మడుగు రుచి కాసినీ కాసినీ కలుస్తోంది. సంఘం కూర్చుని చెయ్యలేని పని రాజుగారు పడుకుని చేస్తున్నారు, దోమలు దగ్గరుండి చేయిస్తున్నాయి.

ఉడుము పక్కన నిలబడి చూస్తోంది. అరవడానికి లేదు, ఆపడానికి లేదు. "ఆ తోకనైనా ఎవరన్నా పట్టుకోండర్రా" అని గొణిగింది. "మీరే పట్టుకోండి, పట్టులో మిమ్మల్ని మించినవాళ్లు లేరుగా" అంది కుందేలు.

పొద్దు వాలింది. తళుకమ్మ నీళ్లలో ఒక చుట్టు తిరిగి చూసుకుంది. ఒళ్లు ఎక్కడా బిగుసుకోలేదు.

"రండే!" అంది.

ఎగిరింది. వెనకాలే మిగతావన్నీ వెండిపూల వాన కురిసినట్టు మడుగులో పడ్డాయి. ఆ చప్పుడుకి రాజుగారు ఉలిక్కిపడి లేచేసరికి తళుకమ్మ నాచువేళ్ల మధ్యకు దూరిపోయింది. ఆ రాత్రి గడవకముందే గుడ్లు పెట్టింది కూడా. అవి పిల్లలై, పిల్లలు దోమపిల్లల్ని తిని, అడవి మొత్తం గుర్రుపెట్టడం తర్వాతి సంగతి.

"ఇదేమిటి, దూకేశాయి!" అన్నారు రాజుగారు.

ఉడుము క్షణం ఆలస్యం చెయ్యలేదు. "మా సంఘం కృషి ఫలించింది మహారాజా!"

"భేష్! అయితే సంఘం పని అయిపోయినట్టే. బండ ఖాళీ చెయ్యి. నీకు చేపల సంగతి ఇంత తెలుసు కాబట్టి కొండమీద సెలయేటి దగ్గర కాపలా ఉండు. ఇప్పుడే బయలుదేరు."

ఉడుము రాజుగారి కాళ్లమీద పడింది. "మహాప్రభో! వెచ్చటి బండకు మరిగిన ఒళ్లు, ఒక్కసారిగా ఆ చలిలోకి ఎలా పోను? కొంచెం కొంచెంగా అలవాటు చేయించండి."

"అదీ నిజమే" అన్నారు రాజుగారు. ఆయన న్యాయమూర్తి మరి. "ఇతగాడికి కొండను అలవాటు చేసే పని ఎవరు చూస్తారు? అది పూర్తయ్యేదాకా వాళ్లకు ఈ బండ, రోజుకో గుడ్డు."

మాట పూర్తికాకముందే కప్పల పెద్ద బండమీద ఉంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ఏనుగు ఉడుమును తొండంతో చుట్టి కొండెక్కించి సెలయేట్లో ముంచుతోంది. మధ్యాహ్నానికి దింపి ఎండలో పడేస్తోంది. కప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచి, మళ్లీ పంపిస్తోంది.

"నాయనా, నాకు కొండే బాగుంది, ఇంక నన్నక్కడే వదిలెయ్యండి" అని ఉడుము ఏడుస్తోంది.

"తొందరపడితే ఎలాగండీ? పెద్దవారు, మీ ఆరోగ్యం మాకు ముఖ్యం" అంటోంది కప్ప. దానికి గుడ్డు సహించదు. అయినా రోజూ తీసుకుని పక్కన పెట్టుకుంటోంది. పదవితో వచ్చినదాన్ని వద్దంటే పదవిని చిన్నబుచ్చినట్టవుతుందట.

నీతి: కొత్త నీళ్లు అలవాటు కావడానికి చేపకు ఒక పూట పడుతుంది; పెద్ద పీట అలవాటు కావడానికి కప్పకు ఒక్క గెంతు చాలు.