మెడకు చుట్టుకున్న కౌల్

ఆ ఉదయం అక్క పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం చెల్లెలు బస్సెక్కేలోగా కౌల్ పూర్తి చేయాలి. కౌల్ అంటే మఫ్లర్‌కు దగ్గరి చుట్టమే కానీ దానికి కొసలుండవు. ఉన్నితో గొట్టంలా గుండ్రంగా అల్లి, తల మీదుగా మెడలోకి దించుకోవాలి. ఆ పేరు ఉన్ని దుకాణం ఆవిడ చెప్పింది. నమూనా మాత్రం అక్క సొంతం. చెల్లెలు మఫ్లర్ కట్టుకుంటే ఒక కొస తలుపు సందులో, రెండోది కాఫీలో ఉంటుంది. అందుకే కొసల్లేనిది. పైగా ఆమెకు ఎడమ చెవిలో గాలి దూరితే పోటు. అందుకని అటువైపు కాస్త ఎత్తుగా వచ్చేలా కుట్లు పెంచింది.

చెల్లెలికి కొండ మీద ఒక బడి హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం వచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో పోట్లాడుకున్న మనిషి. "వెళ్ళకే, ఉండిపో" అందామని అక్క నోరు తెరవడం, తీరా తెరిచాక "మాత్రలు పెట్టుకున్నావా?" అని అడగడం. సాగనంపే వేళ సరైన మాట ఆమె నోట ఏనాడూ రాలేదు.

అంచు ముగించడంలో అనుమానం వచ్చి ఉన్ని దుకాణానికి ఫోన్ చేసింది. ఆవిడకు చెముడు. అరిచి చెప్పాలి.

"కౌల్ ఇవాళ్టితో అయిపోతుందండీ! ఆఁ, చెల్లెలికే ఇచ్చేస్తున్నా! కుదరకపోతే మొత్తం పీకేయడమే!"

కిటికీ కింద కుళాయి దగ్గర తోటవాడి చేతిలో బకెట్టు జారింది. ఇంటి వెనక స్థలం కౌలుకు తీసుకుని టమాటాలు వేసింది అతనే. కాయలు ఇప్పుడిప్పుడే ఎర్రబడుతున్నాయి. వాళ్ళు పీకేలోగా తనే పీకితే నాలుగు కాయలైనా దక్కుతాయని సగం సాలు పీకాడు. మిగతా సగానికి మనసొప్పలేదు. చేతిలో మొక్కతోనే, పెట్టె సర్దుకుంటున్న చెల్లెలి దగ్గరికి పరుగెత్తాడు.

"చిన్నమ్మగారూ, కౌలు ఇక మీకేనటగా! నేనేం పాపం చేశానండీ?"

చెల్లెలికి అర్థమైంది. అంటే, తనకు తోచినట్టు అర్థమైంది. స్థలం చేతిలో పెట్టి తనను ఇక్కడే కట్టిపడేసే ఎత్తు ఇది. కాసేపటికి విసవిసా ముందుగదిలోకి వచ్చింది.

"ఏంటక్కా, కౌలు నాకిస్తున్నావట?"

గుట్టు ముందే బయటపడిందని అక్క చిన్నబోయింది. "ఇస్తే తప్పేంటే?"

"నా మెడకు చుట్టేద్దామనా?"

"మెడకు కాక నడుముకు చుడతారా?"

"వెటకారం ఒకటి! నన్నొక్క మాట అడగవా?"

"అడిగేదేముంది? నీ చెవిపోటు చూసే చేశాను."

"నా చెవిపోటుకీ కౌలుకీ ఏంటి సంబంధం? నాకొద్దు. ఎవరికైనా ఇచ్చుకో!"

"వద్దా? సరే."

అక్క సూదులు లాగేసింది. దారం కొస పట్టుకుని లాగింది, ఆగకుండా లాగింది. ఎత్తుగా పెంచిన ఎడమ పక్క అన్నిటికంటే ముందు పోయింది. నేల మీద ఉన్ని వంకీలు తిరిగి కుప్ప పడింది.

"ఏంటది?" అంది చెల్లెలు.

"కౌల్."

గుమ్మంలో నిలబడ్డ తోటవాడు ఉన్ని కుప్పను చూశాడు, తన చేతిలోని మొక్కను చూసుకున్నాడు. "మరి నేను పీకేసినవో?" అన్నాడు.

ముగ్గురూ విరగబడి నవ్వారు. అందరికంటే తక్కువ నవ్వింది తోటవాడు.

అతను వెళ్ళాక చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "నిన్ను తిట్టుకుంటూ వచ్చాను కానీ అక్కా, పోనీలే, ఉండమంటున్నావు కదా అని రెండు జతలు పెట్టెలోంచి తీసి బీరువాలో పెట్టేశాను కూడా."

అక్కకు ఆ మాట గొంతు దాటి నాలుక చివరి దాకా వచ్చింది.

"మర్చిపోయేవు, తెచ్చి సర్దుకో," అంది.

చెల్లెలు వెళ్ళి తెచ్చి సర్దుకుంది.

బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటసేపూ అక్కాచెల్లెళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని, ఈ ఏడు వానలు ఎలా ఉంటాయో మాట్లాడుకున్నారు.