మెయిన్ స్విచ్‌కి తాళాలు

ఆ ఉదయం టాటానగర్‌లోని కద్మా కాలనీలో ఆదిబాబు ఇంట్లో ముఖ్యమైన పని ఒక్కటే. పదకొండింటికి కంప్యూటర్లో, ఇంటి చదువుల్ని పర్యవేక్షించే స్మిత మేడంకి కనబడి, రోహిణి తొమ్మిదో తరగతి క్రెడిట్లు ఖాయం చేయించుకోవాలి. పల్లెబడి నుంచి వచ్చిన రోహిణి ఇక్కడి తరగతిలో నోరు విప్పలేక ఇంట్లోనే చదువుకుంటోంది. ఏ సబ్జెక్టు ఎంత చదివి, ఏ ప్రాక్టికల్ చేస్తే ఎన్ని క్రెడిట్లో ఆ మేడం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే హాస్టలే.

ఆదిబాబు ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ఫిజిక్స్ ప్రాక్టికల్‌గా కూతురి చేత పాడైన స్విచ్‌బోర్డు మార్పించాలనుకున్నాడు. వరండాలో మెయిన్ స్విచ్ ఆపి, ప్లాంటు పద్ధతిలో నాలుగైదు తాళాలు పట్టే కొక్కెం తగిలించి తన తాళం వేశాడు. ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న అట్ట వేలాడదీశాడు. అంతలో ఏదో క్రేన్ ఆగిపోయిందని ఫోనొచ్చింది. తాళంచెవి జేబులోనే పెట్టుకుని పరిగెత్తాడు.

పది దాటినా అతను ఫోనెత్తలేదు. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. తల్లి ఉమామహేశ్వరి పక్కింటి సీతారామరావుని పిలిచింది. రిటైరైనా ఆయనలో ప్లాంటు రిటైర్ కాలేదు. ముందు రోహిణి చేత బోర్డు పని పూర్తి చేయిద్దామన్నాడు. అయితే పనిలో చెయ్యి పెట్టే ప్రతివాడూ తన తాళం వేయాలన్నది నియమం కాబట్టి, అదే కొక్కేనికి తన సైకిల్ తాళం తగిలించాడు. ఆయనలాగే రిటైరై సాయానికొచ్చిన గౌరీశంకర్ ట్రంకుపెట్టె తాళం వేశాడు. సలహా చెప్పడానికొచ్చిన మరో ముసలాయన సత్యప్రసాద్ కూడా ఊరికే ఉండక తనదీ ఒకటి తగిలించాడు. బోర్డు బిగిసింది. కొక్కెం కొబ్బరిగెలలా వేలాడుతోంది.

ఉమామహేశ్వరి సుత్తి తెచ్చింది. “మావయ్యా, ఆయన తాళం పగలగొట్టీండి. ఆయన ప్లాంటులో ఉన్నాడు కదేటి?”

సీతారామరావు అడ్డంగా నిలబడ్డాడు. “ఏడుంటే ఏటమ్మా? తాళం ఉన్నంతసేపూ మనిషి లైను మీద ఉన్నట్టే లెక్క. ఏసినోడే తియ్యాల. నియమ్ అంటే నియమ్.”

ఒక్క దెబ్బకి ఊడిపోయే తాళం అది. ముగ్గురు ముసలివాళ్లూ చెప్పులు విప్పి మరీ దాని ముందు కాపలా నిలబడ్డారు. రోహిణి కళ్లప్పగించి చూసింది. ఎక్కడో ఉన్న నాన్న ప్రాణాన్ని వీళ్లు ఇక్కడ అరచేతుల్లో పట్టుకున్నట్టనిపించింది ఆమెకి.

పదకొండు దాటాక తల్లి సెల్‌ఫోన్ మోగింది. చార్జింగ్ చివరి గీతలో ఉంది. కంప్యూటర్లో ఎందుకు కనబడలేదని స్మిత మేడం వీడియోలో నిలదీసింది. తల్లి ఫోను కూతురి చేతిలో పెట్టేసింది. రోహిణి ముందు దాన్ని తాళాల వైపు తిప్పింది. తరువాత ఎవరు ఏ తాళం ఎందుకు వేశారో, బోర్డుకి ఏ తీగ ఎక్కడ కలిపిందో చెబుతూ పోయింది. తన గొంతు అంతసేపు వినడం ఆమెకే కొత్త.

“మరి నాన్నగారి తాళం పగలగొట్టలేదేం?” అని అడిగింది మేడం.

“నాన్న లైను మీద ఉన్నట్టే కదా, మేడం.”

ఫిజిక్స్‌తో పాటు భద్రత మీద కూడా క్రెడిట్ ఇస్తానని, మిగతా పట్టికంతా ఒప్పుకుంటున్నానని మేడం చెప్పింది. అంతటితో ఫోను ఆరిపోయింది.

మధ్యాహ్నం ఆదిబాబు రొప్పుతూ వచ్చి తన తాళం తీశాడు. సీతారామరావు, సత్యప్రసాద్ కూడా తమవి తీశారు. గౌరీశంకర్ మాత్రం చుట్టాల్ని రైలెక్కించడానికి తాళంచెవితో సహా టాటానగర్ స్టేషన్‌కి వెళ్లాడు. రైలు ఆలస్యం.

ఆ రాత్రి విద్యుత్తు మీద రోహిణి మొదటి పాఠం కొవ్వొత్తి వెలుగులో సాగింది.