ఏడో మూత

గురువారం పొద్దున్న ఓరిన్ స్టిడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి పొయ్యి వెలిగించాలి. పదకొండున్నరకల్లా ఏడు సీసాల బీన్స్ నిలవపెట్టాలి. పన్నెండింటికి వదినగారు జెల్మా వచ్చేసరికి ఆ సీసాలు బల్లమీద వరసగా నిలబడి ఉండాలి, తాను కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉండాలి. కాలుమీద కాలు అన్నది పథకంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం.

ఈ పంతం ఆదివారం చర్చి మెట్ల మీద పుట్టింది. ఓరిన్ భార్య మావిస్ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆవిడ బతికున్నంతకాలం సెడార్ లిక్ లోయలో ఆవిడ పెట్టినన్ని సీసాలు ఎవరూ పెట్టలేదు. ఆవిడ పోయాక ఆ సీసాలని ఆవిరి ఒత్తిడిలో ఉడికించే పెద్ద కుక్కరులాంటి ప్రెషర్ క్యానర్ వంటింటి మూల ఖాళీగా కూర్చుంది. అది ఓరిన్ అత్తగారి నాటిది. మావిస్ అక్క జెల్మా కన్ను చాలాకాలంగా దానిమీద ఉంది.

"ఏమయ్యా మరిదీ, అది మా అమ్మ సొత్తు. నువ్వేం చేసుకుంటావు దాన్ని? మా అమ్మాయికిచ్చెయ్యి," అంది జెల్మా, పాస్టరుగారు వింటుండగానే.

"బీన్స్ పెట్టుకుంటాను."

"నువ్వా! కోడిగుడ్డు ఉడకేసి గిన్నె మాడబెట్టినవాడివి!"

మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుగనిలో, కొండని నెత్తిన పెట్టుకుని పనిచేసిన మనిషి. అక్కడి పేలుళ్ళకి ఎడమ చెవి పోయిందే గాని పౌరుషం పోలేదు.

"గురువారం మధ్యాహ్నానికి ఏడు సీసాలు చూపిస్తా. ఏడింట్లో ఒక్క మూత బిగుసుకోకపోయినా క్యానర్ నువ్వే పట్టుకుపో," అన్నాడు. ఆ క్యానర్ పోతే ఆ వంటింట్లో మావిస్ చెయ్యి అన్నిటికన్నా ఎక్కువ పడిన వస్తువే పోతుందని ఇంటికొచ్చాక గాని తట్టలేదు. తట్టాక ఆ రాత్రి అన్నం సహించలేదు. కానీ మాట మాటే.

ఆశ ఒక్కటే ఉంది. అలమార తలుపు లోపలివైపు మావిస్ పెన్సిలుతో రాసుకున్న నాలుగు ముక్కలు. "ముల్లు పదకొండు మీద. ఇరవై ఐదు నిమిషాలు. ముల్లు దిగితే లెక్క మళ్ళీ మొదటినుంచి. పొయ్యి దగ్గరనుంచి కదలొద్దు. ఫోను మోగినా సరే, దేవుడు దిగొచ్చినా సరే." చివరి వాక్యం కింద రెండు గీతలు.

బుధవారమంతా వరండాలో కూర్చుని బీన్స్ పీచు తీసి తుంచాడు. గురువారం ఎనిమిదింటికి మావిస్ ఏప్రన్ కట్టుకున్నాడు. అది బొజ్జ చుట్టూ రాక వెనక తాడుతో ముడేశాడు. బీన్స్ నింపిన ఏడు సీసాలూ క్యానర్లోకి దింపి, దాని మూత బిగించి, పొయ్యి వెలిగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. కాసేపటికి క్యానర్ బుస్సుమంది, గడగడలాడింది, మూతమీది ఒత్తిడి ముల్లు పదకొండుకి వచ్చి నిలబడింది. ఓరిన్ గడియారం చూసుకున్నాడు.

పన్నెండో నిమిషంలో హాల్లో ఫోను మోగింది.

ఇంకెవరు, జెల్మాయే. తనూ ఆ పొద్దున్నే శనివారం సంతలో జరిగే నిలవసీసాల పోటీకి పంపే బీన్స్ పొయ్యి మీదకి ఎక్కించబోతోంది. పనిలో పనిగా మరిదిని నాలుగు మాటలు పొడిస్తే గాని ఆవిడకి పొద్దు గడవదు. ఓరిన్ ఫోను వైపు తల తిప్పాడు, తిప్పి మళ్ళీ చూసేసరికి ముల్లు తొమ్మిదికి జారింది.

"నీ ఫోను తగలెయ్య!" అని అరిచి మంట పెంచాడు. లెక్క మళ్ళీ మొదటినుంచి. ఈసారి తల తిప్పితే ఒట్టు.

ఫోను ఇంకో రెండుసార్లు మోగింది. ఓరిన్ ఉలకలేదు, పలకలేదు. మూడుసార్లు మోగినా ఎత్తకపోయేసరికి జెల్మాకి చిన్న అనుమానం వచ్చింది. ఓరిన్ పొరుగింటి ట్రూడీకి ఫోను చేసింది. "ఓసారి చూసిరావే, క్యానర్ పేల్చుకు చచ్చాడేమో."

ట్రూడీ వచ్చి తలుపు కొట్టింది. ఓరిన్‌కి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

"ఓరిన్! బానే ఉన్నావా?"

"రాను! కదలను!" అన్న కేక వచ్చింది లోపలినుంచి. "నా మానాన నన్నొదిలెయ్యండి! మావిస్ మాట నేను మీరను!"

ట్రూడీ అక్కడే గుండె మీద చెయ్యి వేసుకుంది. భార్య పోయిన మనిషి, ఒంటరివాడు, తలుపేసుకుని చనిపోయిన భార్య మాట మీరనంటున్నాడు. పరుగున ఇంటికి వెళ్ళి ప్రార్థన గొలుసు కదిపింది. ఆ లోయలో ఎవరికి కష్టమొచ్చినా చర్చి ఆడవాళ్ళు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ప్రార్థించుకుంటారు. ఒకరినుంచి ఒకరికి ప్రార్థన ఎంతవరకు చేరుతుందో దేవుడికెరుక గాని, కబురు మాత్రం చేరినకొద్దీ పెరుగుతుంది. మొదటి ఇంట్లో ఓరిన్ దిగులుగా ఉన్నాడు. మూడో ఇంట్లో తిండి మానేశాడు. ఆరో ఇంటికి చేరేసరికి కిటికీలకి మేకులు కొట్టుకుని లోపల మావిస్‌తో మాట్లాడుతున్నాడు.

ఇవేవీ తెలియని ఓరిన్ ఇరవై ఐదు నిమిషాలూ పూర్తిచేశాడు. మంట ఆర్పాడు. ముల్లు తనంతట తాను సున్నాకి దిగేదాకా ముప్పావుగంట మునిలా కూర్చున్నాడు. పటకారుతో ఏడు సీసాలూ ఒక్కొక్కటే ఎత్తి, బల్లమీద పరిచిన తువ్వాలు మీద పెట్టాడు. ఇక మిగిలింది వినడమే. సీసా చల్లారేటప్పుడు మూత లోపలికి లాక్కుని 'టింగ్' మంటుంది. టింగ్ మంటే బిగిసినట్టు.

ఉన్నది ఒక్క చెవి. అందుకని కుర్చీ లాక్కుని, కుడి చెవి బల్లకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. టింగ్. ఒకటి. ముఖం మీద చిన్న నవ్వు వచ్చింది.

సరిగ్గా అప్పుడే ట్రూడీ మళ్ళీ వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. భార్య ఏప్రన్ కట్టుకుని, బల్లమీద తల వాల్చి, కళ్ళు మూసుకుని, ముఖాన చిరునవ్వుతో ఓరిన్ స్టిడమ్. అద్దం మీద కొట్టింది. పైన ఉన్నది చెవిటి చెవి. కదలిక లేదు.

"పోయాడు మహానుభావుడు! నవ్వుతూ పోయాడు! మావిస్ వచ్చి తీసుకుపోయింది!" అని ట్రూడీ ఘొల్లుమంది.

ఆ లోయలో ప్రతి ఇల్లాలి ఫ్రీజరులోనూ వండి దాచిన వంటకంతో ఒక పళ్ళెం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎవరింట్లో చావు కబురు విన్నా దాన్ని చంకనపెట్టుకుని బయల్దేరడమే. పావుగంటలో ఓరిన్ వాకిట్లో ఆరు కార్లు, వాటివెనక ఊరి అగ్నిమాపక బండి ఆగాయి. ట్రూడీ మొగుడు గస్ ఆ బండికి పెద్ద. ఊళ్ళో మంటలకీ, చావులకీ, చెట్టెక్కిన పిల్లులకీ అతనే దిక్కు. పాస్టర్ లైమన్‌గారు బైబిలు పట్టుకుని ముందు నడిచారు. తలుపు గడియ వేసే లేదు. మేకుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అందరూ మెల్లగా వంటింట్లోకి వచ్చి గుండ్రంగా నిలబడ్డారు. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "ప్రభువా, నీ సేవకుడు ఓరిన్‌ని..."

ఓరిన్ కళ్ళు తెరవకుండానే వేలు పైకెత్తాడు. "ష్! నాలుగు."

ఒకావిడ చేతిలోని నూడుల్స్ పళ్ళెం జారి నేలమీద పడింది. ఇద్దరు కెవ్వుమన్నారు. పాస్టరుగారు బైబిలుని పొట్టకి అడ్డంపెట్టుకుని గోడకి అతుక్కుపోయారు.

"అరవకండి! లెక్క పోతుంది!" అని ఓరిన్ గద్దించాడు.

అప్పటికి గాని వాళ్ళకి సీసాలు కనబడలేదు. ఆడవాళ్ళందరూ జన్మంతా ఆ చప్పుడు విన్నవాళ్ళే. చావు సంగతి అక్కడే వదిలేసి ఊపిరి బిగబట్టారు. టింగ్. "ఐదు," అన్నారు పదిమంది ఒక్కగొంతుతో. టింగ్. "ఆరు!" పాస్టరుగారు కూడా కళ్ళు మూసుకున్నారు, ఈసారి ఏడోదానికోసం.

ఏడోది రాకముందు జెల్మా వచ్చింది. ఒంటిమీద ఏప్రన్, చంకలో పళ్ళెం, కళ్ళనిండా నీళ్ళు. "అయ్యో మరిదీ, నా మాటలే నిన్ను పొట్టన పెట్టుకున్నాయయ్యా!" అంటూ గుమ్మం దాటి, కుర్చీలో కూర్చున్న మరిదిని చూసి ఠక్కున ఆగిపోయింది. కన్నీళ్ళు అక్కడికక్కడే ఆవిరయ్యాయి.

"బతికే ఉన్నావా? మరి ఫోనెత్తడానికి నీకేమొచ్చింది?"

"పొయ్యి వదిలితే ఎలాగ వదినా? నువ్వే గదా అందరికీ చెబుతావు."

జెల్మా సీసాల దగ్గరికి వెళ్ళింది. ఒక్కో మూత మీదా వేలుపెట్టి నొక్కింది. ఆరు కదల్లేదు. ఏడోది టక్కున లోపలికి పోయి, టక్కున పైకి లేచింది.

"ఏడన్నావు. ఆరే."

"మావిస్‌కీ అప్పుడప్పుడు ఒకటి తప్పేది. నీకూ తప్పుతుంది."

"పందెం వేసింది మావిస్ కాదు, నువ్వు. మాటంటే మాటే." జెల్మా ఇంకా వెచ్చగా ఉన్న క్యానర్ చెవులు రెండూ పట్టుకుంది.

ఓరిన్ లేచి దాని రెండోవైపు పట్టుకున్నాడు. తాడుతో కట్టిన ఏప్రన్, నేలమీద నూడుల్స్, చుట్టూ పాస్టరూ పదిమందీ. అయినా పట్టు వదల్లేదు. "ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. అయినా ఇవ్వను. ఊరంతా అబద్ధాలకోరు అన్నా ఇవ్వను. ఆవిడ రాతలు ఆ తలుపుమీద ఉన్నన్నాళ్ళూ ఇది ఈ పొయ్యిమీదే ఉంటుంది. కావాలంటే నన్ను కూడా కలిపి ఎత్తుకుపో, చూద్దాం!"

జెల్మా నోరు తెరిచింది. అంతలో గస్ నడుముకున్న రేడియో గరగరలాడింది. "కొండ రోడ్డులో వంటింట్లోంచి పొగ వస్తోందట. తెల్ల ఇల్లు, ఆకుపచ్చ కిటికీలు. వెళ్ళగలరా?"

ఆ లోయలో ఆకుపచ్చ కిటికీల తెల్ల ఇల్లు ఒక్కటే.

"నా బీన్స్!" అంది జెల్మా, క్యానర్ వదిలేసి. "పొయ్యిమీద పెట్టి... అలాగే... పరిగెత్తుకొచ్చేశాను!"

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. అగ్నిమాపక బండి ఎలాగూ వాకిట్లోనే ఉంది గనక ఏడు నిమిషాల్లో అక్కడికి చేరింది. లేకపోతే ఇల్లే పోయేదని గస్ తరవాత చెప్పాడు. పోయింది కిటికీ తెర ఒకటి, ఏడు సీసాలు, నీరింకి అడుగు వంకరపోయిన జెల్మా క్యానర్.

శుక్రవారం పొద్దున్న ఓరిన్ గుమ్మం ముందు జెల్మా నిలబడింది, చేతిలో బీన్స్ బుట్టతో. సంతపోటీకి సీసాలు అందించే గడువు సాయంత్రం ఐదింటితో సరి. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఒక్క ఏడాదీ తప్పలేదు.

"క్యానర్ ఓ పూట ఇస్తావా?" అని అడిగింది, ద్వారబంధం వైపు చూస్తూ.

"ఇవ్వను. ఇక్కడే చేసుకో."

జెల్మా లోపలికి వచ్చింది. ఓరిన్ అలమార తలుపు తెరిచిపెట్టాడు. చెల్లెలి చేతిరాత చూసి ఆవిడ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. ముల్లు పదకొండు మీద నిలబడ్డాక ఫోను మోగింది. అలవాటుకొద్దీ ఒక అడుగు వేసింది.

"కదలకు," అన్నాడు ఓరిన్ కుర్చీలోంచి, కాలుమీద కాలేసుకుని.

కదల్లేదు. మధ్యాహ్నానికి బల్లమీద ఏడు సీసాలు నిలబడ్డాయి. ఇద్దరూ చెవులు ఆనించి విన్నారు. ఆరు టింగుమన్నాయి. ఏడోది జెల్మాయే వేలుతో నొక్కింది. అది టక్కున పైకి లేచింది. జెల్మా ఆరూ పోటీకని పక్కన పెట్టి, ఏడోదాన్ని ఓరిన్ వైపు జరిపింది. బిగుసుకోని సీసాని ఆ పూటే తినెయ్యాలి గనక పందిమాంసం ముక్క వేసి బీన్స్ ఉడకబెట్టాడు. పక్కన, ఓరిన్ చావుకి తెచ్చి ఎవరూ తిరిగి పట్టుకెళ్ళని పళ్ళేల్లోంచి ఒకటి వేడిచేశాడు. అది జెల్మాదే. పొయ్యి ఆపడం మరిచిపోయింది గాని, ముందురోజు ఆ మాకరోనీ పళ్ళెం మాత్రం మరిచిపోలేదు.

ఓరిన్ రెండు ముద్దలు తిన్నాడు. జెల్మా అతని ముఖంలోకి చూసింది.

"ఉప్పు సరిపోయిందా మరిదీ?"

"చచ్చినవాడికైతే సరిపోయేది, వదినా."