బీరువాలో గాలిబిళ్ళ

తరగతిలో ప్రయోగాలు చేసి చూపించడం పిల్లలకు హానికరం! పంతొమ్మిదేళ్ళుగా ఫిజిక్స్ చెబుతూ ఒక్క ప్రయోగమూ చూపించని అనుభవంతో చెబుతున్నాను.

ఓ వస్తువు మీద బలాలు అటూ ఇటూ సమానంగా ఉంటే ఏమవుతుంది? ఆగి ఉన్నది ఆగే ఉంటుంది. కదిలేది అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. ఇది చూపించడానికి మా స్కూల్లో గాలిబిళ్ళ ఉంది. కిందికి గాలి ఊదుతూ, బల్లకు ఆనకుండా తేలుతుంది. ఒక్కసారి వేలితో తోస్తే చాలు, అదే వేగంతో పోతూనే ఉంటుందట!

'అట' ఏమిటని నొసలు చిట్లించకండి. అది స్టోర్‌రూమ్ బీరువాలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, క్షేమంగా ఉంది.

"పిల్లలకు చూపించండి మాస్టారూ" అంటారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "పగిలితే పూచీ ఎవరిదండీ?" అంటాడు స్టోర్‌కీపర్. రెండు బలాలూ సమానం, బిళ్ళ కదలదు. ఇంతకన్నా గొప్ప ప్రయోగం ఉంటుందా?

పైగా ఇప్పుడు స్మార్ట్‌బోర్డు వచ్చింది! వీడియో పెడితే బిళ్ళ బయల్దేరుతుంది. సరిగ్గా బల్ల మధ్యకు రాగానే నెట్ పోతుంది. బిళ్ళ ఆగిపోయి, దాని నెత్తిన ఓ తెల్ల సున్నా గిరగిరా తిరుగుతుంది. ఈలోగా బెల్లు. నా గొంతుకు శ్రమ లేదు, చేతికి దుమ్ము లేదు. పాఠం అయిపోయినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టేస్తాను.

ఎటొచ్చీ పరీక్షలోనే చిన్న చిక్కు. నలభై ఇద్దరు పుస్తకంలోది బట్టీపట్టి, ముచ్చటగా రాశారు. చివరి బెంచీ అమ్మాయి మాత్రం "బలాలు సమానమైనచో వస్తువు సగం దూరం పోయి ఆగును. దానిపై సున్నా తిరుగును" అని రాసింది. బొమ్మ వేసి, సున్నా ఎటు తిరుగుతుందో బాణం గుర్తు కూడా పెట్టింది! ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఆ ప్రశ్నకున్న రెండు మార్కులూ పోయి పిల్ల ఫెయిలైంది.

పేపరు పట్టుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను చూసిందే రాశాను కదా సార్?"

"చూసింది కాదమ్మా, నిజంగా జరిగేది రాయాలి."

"జరిగేది మీరు చూశారా సార్?"

ఒళ్ళు మండింది. కానీ నేనూ చూడలేదు! చిన్నప్పుడు మా మాస్టారూ చూపించలేదు. ఆయనకూ ఓ బీరువా ఉండేది.

రెండు మార్కులూ వేసేశాను. క్లాసు మొత్తంలో కళ్ళతో చూసి రాసింది ఆ పిల్ల ఒక్కతే మరి. సిగ్గేసింది.

ఇవాళ స్టోర్‌కీపర్‌కు కాగితం రాసిచ్చి తాళం తీసుకున్నాను. "పగిలితే పూచీ నాది." అంతే, ఒక్క ముక్క. అది రాయడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది.